బెంగుళూరు చెరువులూ, మన గుమ్మాలూ

ఉగాదినాటి పంచాంగ శ్రవణంలో ఈ ఏడు మేఘాధిపతి ఎవరో, వాన ఎంతో, అందులో సముద్రం మీద ఎన్ని పాళ్ళు, పర్వతాల మీద ఎన్ని పాళ్ళు, భూమి మీద ఎన్ని పాళ్ళు పడుతుందో సిద్ధాంతిగారు చదివి చెబుతారు. చెరువు కింద మడి ఉన్న మన తాతలు ఆ లెక్కను చెవులు రిక్కించి వినేవారు. ఉద్యోగాలకనీ, వ్యాపారాలకనీ ఈ ఊరు చేరిన మనం దానిని వేడుకకు విని, పచ్చడి పుచ్చుకొని లేస్తున్నాం. కాని కొన్నేండ్లుగా బెంగుళూరులో వాన లెక్క మళ్ళీ ఇంటి లెక్క అయి కూర్చున్నది. భూమి మీద పడే పాలులో మన వీధికి వచ్చేది ఎంత, వచ్చినది ఎటు పోతుంది అనే సంగతి పంచాంగంలో ఉండదు. దానికి ఈ ఊరి చరిత్ర చూడవలసి ఉన్నది. ఏప్రిల్, మే నెలల ఉరుముల వానలు ముందుకు వస్తున్నవి గనుక, పాఠకులతో ఆ చరిత్ర కొంత ముచ్చటించడానికి ఇదే సమయమని తలచినాము.

బెంగుళూరుకు చెప్పుకోదగిన నది లేదు. మన విజయవాడకు కృష్ణ, రాజమహేంద్రికి గోదావరి ఉన్నట్లు ఇక్కడ ఒడ్డూ లేదు, రేవూ లేదు. సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున, ఏనుగు వీపువంటి మిట్ట మీద ఈ ఊరు కూర్చున్నది. ఆ వీపుకు పడమట పడిన చినుకు వృషభావతిలో చేరి, అర్కావతి గుండా కావేరికి పోతుంది. తూర్పున పడినదానికి రెండు దారులు. ఒకటి హెబ్బాళ లోయ. రెండవది కోరమంగల, చల్లఘట్టల లోయ, అనగా బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మీదుగా పోయేది. రెండు దారులూ చివరకు దక్షిణ పినాకినిలో కలుస్తవి. ఉత్తర పినాకిని మరెవరో కాదు, మన పెన్నేరే. ఇద్దరు అక్కచెల్లెళ్ళూ నంది కొండల దాపునే పుట్టినారు. ఆ విధంగా చూస్తే బెళ్ళందూరు వరదనీరు నెల్లూరివారికి దూరపు చుట్టమే.

మిట్ట మీది ఊరికి వరద ఏమిటని కొత్తగా వచ్చినవారు ఆశ్చర్యపడతారు. మేమూ ఈ ప్రశ్న అనేకుల నోట విన్నాము. దీనికి సమాధానం చెరువులలో ఉన్నది.

నది లేని చోట బ్రతకవలెనంటే వాన నీటిని పట్టి నిలుపుకోవలె. రాయలసీమవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. ఇక్కడి పూర్వులు వాలు చూసి, కాలువకు అడ్డంగా మట్టికట్ట వేసి, కెరె తరువాత కెరె కట్టుకుంటూ పోయినారు. ఇప్పుడు హెచ్.ఎస్.ఆర్. లేఅవుటు పక్కనున్న అగర గ్రామంలో సుమారు 870 నాటి శాసనం ఒకటి దొరికినది. రెండు చెరువులకు తూములు పెట్టించి, మూడవ చెరువు కట్టించిన సంగతి అందులో ఉన్నది. అనగా కెంపేగౌడకు ఆరువందల ఏండ్లకు పైబడి ముందే ఈ నేల మీద చెరువు పని సాగుతున్నదన్నమాట. 1537లో కోట కట్టి పేట వెలయించిన కెంపేగౌడ ఆ విద్యనే పెద్దయెత్తున సాగించినాడు. ధర్మాంబుధి, కెంపాంబుధి వంటి చెరువులు ఆ వంశంవారి పేరుమీదనే చెప్పుకుంటారు. ఆ గౌడ ప్రభువుల పేరుతో తెలుగులో ‘గంగాగౌరీ విలాసం’ అనే యక్షగానం కూడా ఉన్నది. ఊరికి గంగను తెచ్చినవారు తెలుగులో గంగను పాడించుకున్నారని సంతోషించడం మనకు చెల్లుతుంది.

చెరువుల వరుస పనిచేసే తీరు తెలిస్తేగాని నేటి కష్టం అర్థం కాదు. ఎగువ చెరువు నిండితే మిగులునీరు అలుగు మీదుగా పొర్లుతుంది. ఈ అలుగును కన్నడంలో కోడి అంటారు. రాయలసీమలో మరవ, కోస్తాలో కలుజు అనే మాటలు ఉన్నవి. పొర్లిన నీరు రాజకాలువలో పడి దిగువ చెరువుకు పోతుంది. అది నిండితే దాని కింది దానికి. మేడమెట్ల మీద పోసిన నీరు మెట్టు మెట్టుకూ ఆగి దిగినట్లు, వరద ఒక్క ఉరుకున పల్లానికి రాకుండా చోటుచోటున నిలిచి, నిదానించి దిగేది. తూము ఎత్తి దించడానికి నీరుగంటి ఉండేవాడు. అన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఆయకట్టుకు నీరు పారించుకోవడం వలన వేసవి నాటికి చెరువు వట్టిపోయేది. రైతులు పూడిక మట్టి బండ్ల మీద తోలుకొని చేలకు వేసుకునేవారు. తొలకరి వచ్చేసరికి చెరువు కడుపు ఖాళీగా ఉండేది. ఎంత వాన వచ్చినా మింగేది. ఈనాడు మిగిలిన చెరువులలో అనేకం ఏడాది పొడుగునా ఊరి మురుగుతో నిండే ఉంటున్నవి. వాన వచ్చేనాటికి వాటిలో చోటు లేదు.

ఈ వానలు కొత్తవని కొందరు అంటారు. వాతావరణం వేడెక్కిన కొద్దీ కొద్ది గంటలలోనే కుండపోతగా కురవడం అధికమవుతున్నదని శాస్త్రజ్ఞులు చెబుతున్న మాట వాస్తవమే. అయితే లెక్కలు తిరగవేసి చూస్తే ఈ ఊరికి పెద్ద వాన అపరిచితం కాదు. 1890 ఆగస్టు 27న ఇక్కడ 162 మిల్లీమీటర్లు కురిసినది. 1909 మే 6న 154 మిల్లీమీటర్లు. 1988 సెప్టెంబరు 12న 177 మిల్లీమీటర్లకు పైగా పడినది. 2022 సెప్టెంబరు 4వ తేదీ రాత్రి ఊరంతా గగ్గోలు పెట్టించిన వాన సుమారు 131 మిల్లీమీటర్లు మాత్రమే. మాత్రమే అంటున్నాము గాని, మామూలుగా సెప్టెంబరు నెల మొత్తానికి పడేదానిలో సగానికి మించినది ఒక్క రాత్రి పడినది. అయినా 1890 నాటి వాన దానికంటె పెద్దది. నాడు ఆ నీటికి నిలవడానికి చోటూ, పోవడానికి దారీ ఉన్నవి.

ఆ చోటు ఏమయినది? 1896లో హెసరఘట్ట నుండి అర్కావతి నీరు గొట్టాల ద్వారా ఊరికి వచ్చినది. 1933లో తిప్పగొండనహళ్ళి జలాశయం, 1970 దశకంలో కావేరి నీరు. కుళాయి వచ్చిన ఇంటివారికి చెరువుతో పని తీరిపోయినది. పని తీరిన చెరువు దోమల మడుగుగానూ, మలేరియా పుట్టిల్లుగానూ కనబడినది. కొంతకాలానికి ఖాళీ స్థలంగా కనబడినది. ధర్మాంబుధి చెరువు మెజెస్టిక్ బస్సు స్టాండు అయినది. పండుగలకు ఊరు పోవడానికి సంచులు పుచ్చుకొని మనం నిలబడేది చెరువు గర్భంలోనే! అక్కితిమ్మనహళ్ళి చెరువులో హాకీ స్టేడియం, చల్లఘట్ట చెరువులో గోల్ఫు మైదానం వెలసినవి. కోరమంగల చెరువు నేలలో 1997 జాతీయ క్రీడల కోసం క్రీడాగ్రామం కట్టినారు. సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయినది. చిన్న కుంట ఒక్కటి మాత్రం మిగిలినది. అది కూడా ఎందుకు మిగిలినదంటే కరగ ఉత్సవానికి ఆ నీరు కావలె. మన ఉగాది వెళ్ళిన పక్షానికి, చైత్ర పూర్ణిమనాడు ధర్మరాయస్వామి గుడి నుండి కరగ బయలుదేరుతుంది. ఇంజనీర్లు కాపాడలేని చెరువులో గుక్కెడు నీటిని ఒక ఉత్సవం కాపాడినది. 1985లో లక్ష్మణరావుగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఇక చెరువులకు గండి కొట్టరాదని సిఫారసు చేసినది. ఆ తరువాత కూడా ఊరు చెరువులవైపే పెరిగినది.

గొలుసుకట్టు చెరువులు తెగితే ఏమవుతుందో తెలుగువారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచినది. సుమారు 15,000 మంది మరణించినారని చెబుతారు. అఫ్జల్‌గంజ్‌లో, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఇట్టిది మళ్ళీ రాకుండా ఉపాయం చెప్పమని నిజాం ప్రభుత్వం 1909లో పిలిపించుకున్న ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారి పెద్దలది గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం. వారు పుట్టినది నంది కొండల దగ్గర ముద్దెనహళ్ళి. వలస వచ్చిన తెలుగు కుటుంబాలలో మనకు వారే పెద్ద దిక్కు అని చెప్పుకోవచ్చు. వారు మూసీ ఎగువ ప్రాంతాన్ని సర్వే చేయించి చూడగా అక్కడ 788 చెరువులు తేలినవి. వాటిలో 221 ఆ వానకు తెగినవి. పై చెరువు తెగి కింది దాని మీద పడగా అదీ తెగి, ఆ నీరంతా ఒక్కమారుగా నగరం మీద పడినది. వారు సూచించిన పద్ధతి ప్రకారమే ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వెలసినవి. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తి అయినవి. ఊరి లోపల గోడలు కట్టడంకంటె ఊరికి పైన నీటికి చోటు చూపడం మేలనేది అందులోని కీలకం. విచారించవలసిన విషయమేమంటే, ఆ మేధావి సొంత రాష్ట్ర రాజధాని తరువాత కాలంలో దీనికి సరిగా విరుద్ధమైన పని చేసినది. విజయవాడవారు మాత్రం ఏమి తక్కువ తిన్నారు? 2024 సెప్టెంబరు మొదటి దినాలలో బుడమేరు సింగ్‌నగర్ ఇండ్లలోకి వచ్చినప్పుడు, ఇక్కడినుండి ఫోనులు చేసి తల్లిదండ్రుల క్షేమం తెలియక తల్లడిల్లినవారు మనలో ఎందరో ఉన్నారు.

2022 నాటి ముంపులో బయటి వలయపు రోడ్డు, బెళ్ళందూరు, యమలూరు, సర్జాపుర రోడ్డు నీటిపాలైనవి. కోట్లు పోసి కొన్న విల్లాలవారు పడవలెక్కినారు. కంప్యూటరు ఉద్యోగులు ట్రాక్టరెక్కి ఆఫీసులకు పోయినారు. ఆ ఫోటోలు దేశమంతా చూసి నవ్వినది. నవ్వు వెనుక మరొక కష్టం ఎక్కువమంది గమనించలేదు. మండ్య జిల్లా టి.కె. హళ్ళిలోని కావేరి పంపుహౌసు కూడా అదే వానకు మునిగినది. వీధినిండా నీరు, కుళాయిలో చుక్క లేదు. 2024 అక్టోబరులో యలహంక కేంద్రీయ విహార్‌లో మళ్ళీ పడవలు తిరిగినవి. 2025 మేలో హొరమావు సాయి లేఅవుటు మునిగినది. చెరువులు, కాలువల గతి ఎరిగినవారికి ఈ చోట్ల పేర్లు వింతగా తోచవు. ఆ సంవత్సరమే సెప్టెంబరులో మహానగర పాలికె పోయి గ్రేటర్ బెంగుళూరు ప్రాధికారమూ, ఐదు నగరపాలికలూ వచ్చినవి. కార్యాలయాల బోర్డులు మారినవి. కాలువల వాలు మారలేదు.

ఇక మన ఇండ్ల సంగతి. ఇల్లు కొనేటప్పుడు మనవారు ఖాతా చూస్తారు, ఇ.సి. చూస్తారు, బ్యాంకు వకీలు చేత సంతకం పెట్టిస్తారు. ఈశాన్యం పల్లంగా ఉన్నదా అని వాస్తు సిద్ధాంతిని అడుగుతారు. వీధి ఎటు పల్లమో ఎవరినీ అడగరు. నీరు పల్లమెరుగునన్న సామెత మనదే. స్వగ్రామంలో చెరువుకట్ట కింద, అలుగు ఎదుట ఎవరైనా ఇల్లు కడితే ఊరంతా మందలించేది. ఇక్కడ మనకు మందలించే పెద్దలు లేరు గనుక మనమే విచారించుకోవలె. కన్నడ మాటలు మనకు చుట్టాలే: కెరె అంటే చెరువు, కట్టె అంటే కట్ట, హళ్ళ అంటే వాగు, కుంటె అంటే కుంట. ఊరి పేరులోగాని, గ్రామ పటంలోగాని ఈ మాటలు కనబడితే రెండుమార్లు ఆలోచించండి. కర్ణాటక ప్రభుత్వంవారి ‘దిశాంక్’ అనే ఫోను యాప్‌లో, మీరు నిలిచిన చోటి సర్వే నంబరు తెలుస్తుంది. దానిని పట్టుకొని పాత గ్రామ పటం చూస్తే కాలువ ఎక్కడ పారినదో బయటపడుతుంది. ఇంతకంటె సులువైన ఉపాయం, ఆ వీధిలో ఇరవై ఏండ్లుగా ఉన్న కిరాణా కొట్టు ఆయనను అడగడం. గోడ మీద నీటిచార ఎక్కడిదాకా వచ్చినదో ఆయన వేలుపెట్టి చూపగలడు.

ఇప్పటికే పల్లంలో కొనుక్కున్నవారు, అద్దెకున్నవారు ఏమి చేయవలె? మొదట చూడవలసినది విద్యుత్తు. 2025 మే నెలలో బి.టి.ఎం. లేఅవుటులోని ఒక అపార్టుమెంటులో బేస్‌మెంటు నీటిని మోటారుతో తోడబోగా, విద్యుత్తు తగిలి ఒక పెద్దాయన, ఒక పసివాడు చనిపోయినారు. మీటర్ల పెట్టె బేస్‌మెంటులో ఉంటే దానిని పై అంతస్తుకు మార్పించడానికి సభ్యులందరూ చందా వేసుకోవడం మంచిది. రంగుల ఖర్చు తరువాత చూసుకోవచ్చు. ఇంటిలోని ఇన్వర్టరు, బ్యాటరీ నేలమీద ఉంటే నడుమెత్తు అరమీదికి ఎక్కించండి. నీరు గుమ్మం దాటుతున్నదంటే మెయిన్ ఆపివేయవలె. అయితే మెయిన్ దగ్గరకే నీరు వచ్చివుంటే దానిని తాకరాదు. 1912కు ఫోను చేసి బెస్కాంవారి చేత వీధి సరఫరా ఆపించవలె. తడి చేతులతో మోటారు దగ్గరకు పోయే వీరత్వం ఎవరూ చూపవద్దు.

రెండవది సంపు. మన ఊళ్ళలో ఇది అంతగా వాడుకలో లేదు గనుక కొత్తవారికి దీని గుట్టు తెలియదు. సంపు మూత నేలతో సమంగా ఉంటే వీధి మురుగు అందులో దిగుతుంది. మూత చుట్టూ జానెడో మూరెడో ఎత్తున సిమెంటు గట్టు కట్టించడం ఒక మేస్త్రీకి ఒక పూట పని. ఒకమారు మురుగు కలిసినదా, సంపునూ, పైట్యాంకునూ కడిగి, క్లోరిన్ వేసి, మళ్ళీ నింపేదాకా ఆ నీరు నోట పెట్టరాదు; కాచి తాగుదామనుకోవడమూ పొరపాటే. కారు నూనె, మందుల విషం కాచితే పోవు. అందుచేత వాన నెలలలో మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున రెండు మూడు దినాలకు సరిపడే మంచినీరు మూత బిగించిన క్యానులలో విడిగా ఉంచుకోవలె. 2022లో కుళాయిలు ఎండిపోయిన అనుభవం ఉన్నవారు దీనిని కాదనరు.

నీరు గుమ్మం గుండానే వస్తుందనుకోవద్దు. వీధి మురుగుకాలువ నిండితే కింది అంతస్తు స్నానాలగది తూములోనుండి పైకి తంతుంది. ఆ తూముకు వెనుకకు రానివ్వని వాల్వు బిగించేవారు ఈ ఊరిలో ఉన్నారు. లేదా, ఇసుక నింపిన సంచి దాని మీద బరువుగా పెట్టవచ్చు. వీధి గుమ్మానికి ఇరుపక్కలా ఇనుప గాడి బిగించి, వాన దినాలలో రెండడుగుల పలకను దానిలోకి దింపే ఏర్పాటు కొన్ని ఇండ్లలో చేసుకున్నారు, మంచి పద్ధతి. కాగితాల సంగతి చెప్పనక్కరలేదనుకుంటాము గాని చెప్పవలసే వస్తున్నది: ఇంటి పత్రాలు, పిల్లల డిగ్రీ సర్టిఫికెట్లు, పాసుపుస్తకాలు బీరువా అడుగు సొరుగులో పెట్టే అలవాటు మనవారికి మెండు. అటకమీదికి పోవలసినవి అవి; అటకమీది పాత సామాను కిందికి దిగినా నష్టం లేదు. పెద్దలు వాడే మందులు వారానికి సరిపడా ఒక సంచిలో ఉండవలె. గ్యాసు సిలిండరు రెగ్యులేటరు కట్టివేయడం, లిఫ్టును పై అంతస్తున నిలిపి ఆపివేయడం అందరికీ తెలిసినవే. తొందరలో మరిచేవీ అవే. బేస్‌మెంటు కారు మునిగితే నీరు తీసిన వెంటనే స్టార్టు చేయవద్దు, ఇంజను పాడవుతుంది. ఇక నీరు దిగుతున్న బేస్‌మెంటులోకి కారు తెచ్చుకుందామని ఎంతమాత్రమూ దిగరాదు. కారుకు బీమా ఉంటుంది.

వాన పడుతుండగా ఇంటికి చేరాలనే ఆత్రంతోనే పెద్ద ప్రమాదాలు జరుగుతున్నవి. 2023 మే 21న మధ్యాహ్నం విధానసౌధకు కూతవేటు దూరంలో, కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో, ఒక తెలుగు కుటుంబం ఎక్కిన కారు నీటిలో చిక్కుకున్నది. తక్కినవారిని బయటకు లాగగలిగినారు. ఈ ఊరిలో ఉద్యోగం చేసుకుంటున్న వారి అమ్మాయి దక్కలేదు. స్వదేశంనుండి బంధువులు వచ్చినప్పుడు ఊరు చూపించడానికి మనమందరమూ అదే దారిన పోతాము. అండర్‌పాస్ ముందు నీరు కనబడితే, ముందు బండి పోయినదనో, డ్రైవరు ధైర్యం చెప్పినాడనో దిగవద్దు. లోతు పైనుండి తెలియదు. గంట ఆలస్యమైనా మిట్టన ఆగి, కావలసివస్తే 112కు ఫోను చేయవచ్చు.

మరొక్క సంగతి. మనలో చాలామంది మూడో అంతస్తులోనో, పదో అంతస్తులోనో ఉన్నాము. నీరు మన మంచాలదాకా రాదు. కాని ఆ భవనానికే కాపలా ఉండే వాచ్‌మన్ కుటుంబం ఉండే గది తరచుగా బేస్‌మెంటులోనే, ర్యాంపు అడుగుననే ఉంటుంది. ఆ వాచ్‌మన్లలోనూ, చెరువుల పక్కన రేకుల షెడ్లలో ఉండే మేస్త్రీలు, కూలీలలోనూ అనంతపురం, కర్నూలు, పాలమూరు వైపునుండి వచ్చిన మన తెలుగువారు ఎందరో ఉన్నారు. అర్ధరాత్రి కుండపోత వస్తే మొదట మునిగేది వారి పొయ్యి. వాచ్‌మన్‌కు నేలమీది అంతస్తునగాని, పైనగాని గది ఇవ్వవలసిందని ఈ ఏటి అసోసియేషన్ మీటింగులో మనవారు లేచి అడగవచ్చు. అది ఇప్పట్లో కుదరకపోతే క్లబ్బుహౌసుకో, మేడమీది గదికో రెండవ తాళంచెవి ఒకటి చేయించి, రాత్రివేళ ఎవరినీ అడగకుండా పిల్లలను పైకి తీసుకుపోవచ్చునని చెప్పి, ఆ ఇల్లాలి చేతికి ఇవ్వవలె. మే నెల వానలు రాకముందే ఇవ్వవలె.